బండి మనది, బోల్టు లెక్క కంపెనీది

పోయిన వానకాలం మా నాయినను డయాలిసిస్‌కు తీస్కపోతుంటే ఊరి బయట మోరీ కాడ కారు దిగబడ్డది. పెద్ద గుంత గూడ గాదు. ముందు ఎడమ చక్రం రేగడి బురదల ఉన్నది, కుడి చక్రం గట్టి మొరం మీద ఉన్నది. యాక్సిలేటర్ తొక్కితే బురదల ఉన్నది గిర్రున తిరుగుతున్నది, మొరం మీదిది కదుల్తలేదు. వారానికి రెండు సార్లు మెషిన్ ఎక్కాల్సిన మనిషి ఎనుక సీట్ల కండ్లు మూసుకొని కూసున్నడు. అటుకెళ్లి వచ్చిన ట్రాక్టరాయన తాడు కట్టి గుంజిండు. గుంజినంక ఒక్క మాట అడిగిండు: "నా బండికైతే పెడల్ ఉన్నదన్నా, నీ కారుకు లేదా?"

ట్రాక్టర్ నడిపిన తమ్ముళ్లకు ఆ పెడల్ సంగతి ఎర్కే. అది డిఫరెన్షియల్ లాక్. బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపటి చక్రం తక్కువ పోవాలె. రెండింటిని వేరు వేరు స్పీడుల తిరగనిచ్చేదే డిఫరెన్షియల్. దాంట్ల ఒక లోపం ఉన్నది. అది రెండు చక్రాలకు బలాన్ని సమానంగ పంచుతది. ఒక చక్రానికి పట్టు లేకపోతే దానికి బలం అక్కర పడదు, అందుకే రెండోదానికీ అంతే అందుతది. ఇంజన్ ఎంత అరిచినా లాభం లేదు. ట్రాక్టర్ల పెడల్ తొక్కితే రెండు చక్రాలు ఒక్కటైతయ్, బురదలకెళ్లి బయటవడ్తది.

కారుకు ఇదే పనిని కొంత తెలివిగ చేసే సామాను లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఒక రకంల క్లచ్ ప్లేట్లు ఉంటయ్, ఇంకో రకంల ఏటవాలు పండ్ల గేర్లు ఉంటయ్. ఒక చక్రం జారుతుంటే పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ బలం పంపిస్తది. మలుపుల మాత్రం రెండు చక్రాలను వేరుగ తిరగనిస్తది. ఇదేం నిన్న మొన్నటి కొత్త సంగతి గాదు. గేర్ల రకానికి అమెరికాల వెర్నన్ గ్లీజ్‌మన్ 1958లనే పేటెంట్ తీస్కున్నడు. మన దగ్గర బొలెరో నియోల పై వేరియంట్‌కు, తనంతట తాను లాక్ అయ్యే డిఫరెన్షియల్ కంపెనీనే ఇస్తది. అంటే పైసలున్నోనికి షోరూంలనే దొరుకుతది. అదే తొవ్వల పాత చిన్న కారు నడిపేటోడు తాడు పట్టుకొని తిరగాలె.

మా బామ్మర్ది ట్రాక్టర్ మెకానిక్. ఇరవై ఏండ్ల సంది హౌసింగులు విప్పుతున్నడు. ఆయన మొదలు చెప్పిన ఉపాయం: "బావా, లోపటి గేర్లకు వెల్డింగ్ కొడదాం, అయిపాయె." మస్తుమంది చేసేది ఇదే. నేను వద్దన్న. వెల్డింగ్ కొడితే ఎల్లకాలం లాక్‌లనే ఉంటది. బురదల పర్వాలేదు గని, తారు రోడ్డు మీద మలుపు తిప్పితే ముందు చక్రాలు ఈడ్చుకపోతయ్, స్టీరింగ్ మాట వినది, యాక్సిల్ విరిగే ప్రమాదం ఉంటది. వెనుక సీట్ల నాయినను పెట్టుకొని ఆ పని చేయలేను.

కార్ రేసులకు పేరువడ్డ కోయంబత్తూరుల, ఒక పాత ర్యాలీ బండికెళ్లి తీసిన గేర్ల రకం సామాను దొరికింది. ధర విని మా ఇంట్ల లొల్లి అయ్యింది. అయినా తెచ్చినం. వాకిట్ల యాప చెట్టు కింద పని మొదలువెట్టినం. ముందు చక్రాల బండి గావట్టి డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ లోపటనే ఉంటది. ఆయిల్ తీసినం, యాక్సిల్ షాఫ్టులు గుంజినం, గేర్‌బాక్స్ కిందికి దించి విప్పినం. పాత డిఫరెన్షియల్‌కున్న క్రౌన్ వీల్ తీసి కొత్తదానికి బిగించాలె. బేరింగులు ప్రెస్ మీద ఎక్కించాలె. షిమ్‌ల మందం కొలిచి బేరింగ్ బిగువు సరిచూడాలె. ఆయిల్ సీళ్లు, క్రౌన్ వీల్ బోల్టులు కొత్తవే వాడినం.

అక్కడ పని ఆగిపోయింది. ఆ బోల్టులు ఎంత బిగువుకు బిగించాలె? టార్క్ రెంచ్ ఉన్నది, అంకె లేదు. షిమ్‌ల లెక్క గూడ లేదు. సర్వీస్ సెంటర్‌కు పోయి అడిగితే, "మాన్యువల్ బయటోళ్లకు ఇయ్యం, బండి తెచ్చి ఇడ్వుండ్రి" అన్నరు. తక్కువ బిగిస్తే బోల్టు లోపట ఊడి గేర్లల్ల పడ్తది, నడిచే బండి చక్రాలు ఒక్కసారే పట్టేసుకోవచ్చు. ఎక్కువ బిగిస్తే బోల్టు మెడ తెగుతది. అంకె కోసం బండి మూడు వారాలు చెట్టు కిందనే ఉన్నది. మా నాయిన ఆటోల పోయొచ్చిండు. అదే గేర్‌బాక్స్‌తోని బయటి దేశంల అమ్మిన బండి రిపేరు పుస్తకం చివరికి దొరికింది. ఆ అంకె చూసినంకనే మా బామ్మర్ది రెంచ్ పట్టిండు.

నా కోపం ఇక్కడనే. రిపేరు లెక్కలు దాచిపెట్టేటోళ్లే, ఇంట్ల చేసుకుంటే ప్రమాదం అంటరు. దాచుడు తోనే గదా ఆ ప్రమాదం పెరిగేది!

ఇది నా ఒక్కని గోస గాదు. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, బండిని పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండ చేస్తున్నరనే వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయినయ్. 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ యంత్రాలతో పాటు బండ్లు గూడ దాంట్ల ఉన్నయ్. గని పోర్టల్ వేరు, కంపెనీని కట్టడి చేసే చట్టం వేరు. అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రంల 2012ల జనం ఓటేసి మరీ బండ్ల రిపేరు హక్కును గెల్సుకున్నరు.

ఇంకో దిక్కు చట్టం చూడుండ్రి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీల ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కేరళ కేసుల ఇదే గట్టిగ చెప్పింది. అదే ఏడు సవరణతోని వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ. ఆర్సీల డిఫరెన్షియల్ అనే కాలమే ఉండది. గట్లని నాకేం కాదు అనుకోవద్దు. యాక్సిడెంట్ అయిన నాడు బీమా కంపెనీ మొదలు చూసేది ఇసొంటివే. అందుకే నేను బండి బయటికి తీసేముందే బీమా కంపెనీకి రాతపూర్వకంగ చెప్పిన, రసీదు దాచుకున్న.

చట్టం వద్దని నేను అంటలేను. బ్రేకులు పీకి, సైలెన్సర్ కోసి రోడ్డెక్కేటోన్ని ఆపాల్సిందే. గని పద్ధతిగ చేసినోనికి ఒక తలుపు తెరిచి ఉండాలె. ఆస్ట్రేలియాల పెద్ద మార్పు చేస్తే అనుమతి ఉన్న ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇస్తడు. మన జిల్లాలల్ల గూడ అట్ల చూసి రాసిచ్చే ఏర్పాటు కావాలె. ప్రతి బండి రిపేరు పుస్తకం తెలుగుల, సరైన ధరకు, అందరికి దొరకాలె. మా బామ్మర్ది అసొంటోళ్ల ఇరవై ఏండ్ల పనికి పరీక్ష పెట్టి, గుర్తింపు కాగితం ఇయ్యాలె.

చేద్దామనుకునే తమ్ముళ్లకు రెండు మాటలు. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు, గట్టి స్టాండ్లు పెట్టినంకనే పోవాలె. బిగువు అంకె చేతిల లేనిది గేర్‌బాక్స్ ముయ్యొద్దు, అందాజ మీద అస్సలే బిగించొద్దు.

మొన్న వానకు అదే మోరీ కాడ మల్ల బురద అయ్యింది. కారు కొంచెం పక్కకు గుంజింది, స్టీరింగ్ గట్టిగ పట్టుకున్న, మెల్లగ బయటవడ్డది. మా నాయిన టైంకు మెషిన్ ఎక్కిండు. ఈ సామాను గూడ మాయ గాదు, ఒక చక్రం పూరాగ గాలిల లేస్తే ఇది గూడ చేతులెత్తేస్తది. అందుకే రిపేరు హక్కు ఒక చేత్తోని అడుగుదాం, ఆ మోరీ మీద రోడ్డు ఇంకో చేత్తోని అడుగుదాం. మా ఊర్ల డయాలిసిస్‌కు పోయేటోళ్లు ఇంకా ఇద్దరున్నరు, వాళ్లకు కారు గూడ లేదు.