పుస్తకము, పరుగు



"అయ్యగారూ, మావాడు ఆటల్లో బాగానే ఉన్నాడు గాని ఇంటర్‌లో చేరాడు కదా, మాన్పించమంటారా?" అని తల్లిదండ్రులు మమ్మును అడుగుతూ ఉంటారు. మ్యాచ్‌లన్నీ ఆదివారమే పెడుతున్నారని బాధపడేవారు మరికొందరు. ఈ రెండు ప్రశ్నలకూ ఎరిక్ లిడెల్ జీవితంలో కొంత జవాబు ఉన్నది.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం వచ్చాయని ఆయన ఆ పందెం వదులుకొని, 400 మీటర్లలో 47.6 సెకన్లకు బంగారు పతకం గెలిచిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలుసు. అప్పటికి ఆయన ఎడిన్‌బరోలో బి.ఎస్సీ. విద్యార్థి అన్న సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోము. జూలై 11న పతకం, జూలై 17న పట్టా! పట్టా ఇచ్చిన రోజున విశ్వవిద్యాలయం పెద్దలు ఆయన తలమీద అడవి ఒలీవ ఆకుల కిరీటం కూడ పెట్టారు.

ఇదంతా ఊరకే రాలేదు. స్కాట్లండ్ తరఫున 7 రగ్బీ మ్యాచ్‌లు ఆడిన మనిషి, పరుగు కోసం ఆ రగ్బీని మానుకున్నాడు. చదువు, పరుగు, రగ్బీ, మూడూ ఒక్కరు మోయగల బరువు కాదు. మన పిల్లలకైనా అంతే. తెల్లవారుజామున 5 గంటలకు గ్రౌండు, తరువాత కాలేజీ, సాయంత్రం మళ్లీ గ్రౌండు, రాత్రి రికార్డులు వ్రాసుకోవడం. ఇందులో ఏదో ఒకటి పోవాలి. సినిమా పోవచ్చు, డిసెంబరులో అర్ధరాత్రి దాకా తిరిగే క్యారల్స్ కూడ పోవచ్చు. (అందుకు సంఘకాపరులమైన మేము నొచ్చుకోకూడదు.) నిద్ర మాత్రం పోకూడదు. అది, గుడ్డు, పాలు ఇంట్లోవాళ్లు చూడవలసినవి.

పతకాలు ఎందరికి వస్తాయి? బహు కొద్దిమందికే. అయినా మాన్పించవద్దనే మేము చెబుతాము. 1923లో స్టోక్‌లో 440 గజాల పందెంలో లిడెల్ మొదట్లోనే తగిలి పడిపోయాడు. అందరూ ముందుకు వెళ్లిపోయారు. లేచి పరుగెత్తి గెలిచాడు. అంత గెలుపు అందరికీ దొరకదు గాని, పడి లేవడం మాత్రం గ్రౌండుకు వెళ్లే ప్రతి బిడ్డకూ అలవాటవుతుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున మన రెండు రాష్ట్రాలలో ఎటువంటి వార్తలు వినవలసి వస్తున్నదో మీకు తెలుసు. ఒక సబ్జెక్టు తప్పితే బ్రతుకే అయిపోయిందనుకునే బిడ్డకు ఓడిపోవడం ఎప్పుడైనా నేర్పించామా? ఆటలో ఓడినవాడు మరునాడు మళ్లీ గ్రౌండుకు వస్తాడు.

ఇక ఆదివారం సంగతి. ఆరాధన మానమని మేము చెప్పము. పరిచయమున్న పి.ఇ.టి. మాస్టారుతో మర్యాదగా మాట్లాడితే సమయం మార్చుకునే వీలు కొన్నిసార్లు దొరుకుతుంది. దొరకకపోతే, బిడ్డను దోషిలా నిలబెట్టక ముందు లిడెల్ చివరి రోజులు చదవండి. 1925లో చైనాకు వెళ్లి సైన్సు మాస్టారుగా, మిషనరీగా పనిచేసిన ఆయనను 1943లో జపానువారు వైషియన్ శిబిరంలో నిర్బంధించారు. అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు, ఆదివారం మాత్రం ఆడించనన్నాడు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడి కొట్టుకున్నారు. తన కోసం ఒలింపిక్ పందెమే వదులుకున్న మనిషి, తరువాతి ఆదివారం ఆ పిల్లల మధ్య రిఫరీగా నిలబడ్డాడు.