పనే పరిచయం

‘మీ గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడగ్గానే ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్న గుబులు చాలామందికి ఉంటుంది. స్వలింగ ప్రేమికులకైతే అది ఇంకాస్త ఎక్కువే. అందుకే అమెరికన్ టీవీ నటి జేన్ లించ్ కెరీర్ గురించి తెలుసుకోవాలి.

1960లో ఇల్లినాయ్‌లో పుట్టిన లించ్, కార్నెల్ యూనివర్సిటీలో నటనలో మాస్టర్స్ చేశారు. అంత పెద్ద పట్టా ఉన్నా ఏళ్ల తరబడి దొరికినవి నాటకాలు, యాడ్స్, టీవీలో చిన్నాచితకా వేషాలే. తాను లెస్బియన్ అన్న సంగతి ముప్పై దాటాకే అమ్మానాన్నలకు ఉత్తరంలో చెప్పగలిగారు.

ఒకసారి కెలాగ్స్ ఫ్లేక్స్ యాడ్‌లో చేశారు. దాని దర్శకుడు క్రిస్టఫర్ గెస్ట్ ఆ తర్వాత ‘బెస్ట్ ఇన్ షో’ (2000) సినిమాలో వేషమిచ్చారు. చిన్న యాడేగా అని వదిలేసుంటే ఆ పరిచయమే ఉండేది కాదు. 2009లో మొదలైన ‘గ్లీ’ సిరీస్‌లో కోచ్ స్యూ సిల్వెస్టర్ పాత్ర ఆమెను ఇంటింటికీ చేర్చింది. 2010లో ఎమ్మీ అవార్డు అందుకునేటప్పటికి ఆమె వయసు 50.

స్వలింగ సంబంధాలు నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. కానీ క్యాంటీన్‌లో వెకిలి జోకుల్ని ఆపాల్సింది కోర్టు కాదు, మనమే. ఇంటర్వ్యూలో మీ ప్రేమ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. అలాగని ఉద్యోగమంతా అబద్ధం ఆడుతూ బతకాల్సిన పనీ లేదు. రేపు మీ టీమ్‌లో అలాంటివాళ్లు ఉండొచ్చు, అది మీరే కావచ్చు. దాచుకోవడానికే ఖర్చయ్యే శక్తిని పని మీద పెట్టనిద్దాం.