దయ వేఱు, న్యాయము వేఱు

కష్టకాలము వచ్చినప్పుడు భారమును అందఱును కలిసి మోయవలెనను మాట తఱచుగా వినబడును. మాట మంచిదే. కాని, ఎవని భుజముపై ఎంత బరువు పడినదని ఎవడైన అడిగినచో, వానిని కలహప్రియుడందురు. ఈ ప్రశ్న నడుగుటకు సాక్చికంటె తగిన చోటు మన దేశమున అరుదు.

సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమునకు చేరువనున్న ఈ పల్లెలో టాటాల ఉక్కు కర్మాగారము వెలసినది. 1912లో మొదటి ఉక్కు తయారయ్యెను. 1919లో ఊరికి జంషెడ్‌పూరని పేరు పెట్టినను, బజారుకును పేటకును సాక్చి పేరే నిలిచియున్నది. సంతాలులు, హోలు, భూమిజులు నివసించిన నేలకు పలుప్రాంతముల జనము పనికై వచ్చిచేరిరి. శ్రీకాకుళపు తెలుగువారును వారిలో నున్నారు.

యజమానులు చేసిన మేలును మఱచుట అన్యాయము. ఎనిమిది గంటల పనిదినము ఇచ్చట 1912లోనే అమలైనది. వారమునకు 48 గంటలను పరిమితి దేశమంతటికి 1940లలోగాని రాలేదు. భవిష్యనిధి 1920లోనే ఏర్పడినది. 1924లో సంస్థకు జీతముల సొమ్ము సైతము కఱవైనప్పుడు, దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి ధరించు జూబిలీ వజ్రముతో సహా, బ్యాంకులో తాకట్టు పెట్టి ధనము తెచ్చెను. ఇట్టి యజమానులు ఏ దేశమునందైనను కొలదిమందియే.

అయితే ఆ సంవత్సరముననే మఱియొకటి జరిగినది. సంస్థను నిలుపుటకు ప్రభుత్వము చట్టము చేసి విదేశపు ఉక్కుపై సుంకము హెచ్చించెను. రైలుపట్టాలకు సహాయద్రవ్యము నిచ్చెను. ఆ ధన మెవరిది? ఇంటికి రేకు కప్పించుకొన్నవాడు, దూలము కొన్నవాడు, పన్ను కట్టినవాడు, వీరందఱిది. అనగా వజ్రమొక్కటియే కాదు, ఊరూరి గృహస్థుని రాగిడబ్బుకూడ ఆ కొలిమిని కాపాడినది. 1927లో ఈ రక్షణ పొడిగింపబడెను. పిమ్మట ఖర్చు తగ్గింపుకై పనివారిని తగ్గింపబూనగా, 1928లో సమ్మెయు లాకౌటును నెలల తరబడి సాగెను. సుభాష్ చంద్రబోసు కార్మికుల పక్షమున నిలువగా సెప్టెంబరులో గాని ఒడంబడిక కుదురలేదు.

కర్మాగారము నిలిచినగదా కూలి యుండునని కొందఱందురు. తనకు మాలిన ధర్మము లేదని సామెత చెప్పుదురు. నిజమే, మునిగిన పడవ ఎవరిని దాటింపదు. కాని పడవ కుదుటపడుటకు బరువు దింపవలసివచ్చినప్పుడు, ప్రతిసారియు తెడ్డు వేయువానినే ఏటిలోనికి త్రోయుట యేమి ధర్మము? యజమాని నష్టమును జనులు పంచుకొన్నప్పుడు దానికి దేశరక్షణమని పేరు. కూలివాడు తన నష్టమును పంచుకొమ్మన్నచో దానికి దురాశయని పేరు. ఒకే త్రాసున రెండు తూనికరాళ్లుండుట వ్యాపారము కావచ్చును గాని న్యాయము కానేరదు.

ఇది గడచిన కథ యనుకొనువారు 2020వ సంవత్సరమును తలచుకొనవలెను. నూఱేండ్ల క్రిందట తెలుగువాడు కూటికై సాక్చి దారి పట్టినట్లే, ఝార్ఖండు కూలివాడు మేడలు కట్టుటకై తెలంగాణమునకు వచ్చియుండెను. మహమ్మారి దేశమును స్తంభింపజేసిన ఆ దినములలో, మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుదారులకు మూడునెలల గడువునకు వీలు కల్పించి, దానిని ఆగస్టు చివరివఱకు పొడిగించెను. మార్చి 29న కేంద్రప్రభుత్వము పని నిలిచినను కూలి తగ్గింపరాదని యాజ్ఞాపించెను. ఆ యాజ్ఞ మే 18 నాటికి చెల్లకపోయెను. అప్పునకు ఆఱు నెలలు, అన్నమునకు ఏడు వారములు! ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో వలసకూలీలు జీతముకై, ఇలు చేరుటకై ఆందోళనకు దిగిరి. మే 1న లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు, వలసకూలీలకై నడిపిన మొట్టమొదటి ప్రత్యేకరైలు, సుమారు 1200 మందిని కొనిపోయెను. అంతవఱకు ఎందఱో కాలినడకనే బయలుదేరిరి.

ఆ దినములలో అన్నపుపొట్లములు పంచిన పుణ్యాత్ములు లేకపోలేదు. వారిని కొనియాడవలసినదే. కాని పొట్లము అందుకొన్నవాడు ఇచ్చినవానికి నమస్కరింపవలెను. తన కూలి తాను పుచ్చుకొన్నవాడు ఎవ్వరికిని తలవంచనక్కఱలేదు. దయ ఇచ్చువాని మనసునుబట్టి వచ్చును, పోవును. న్యాయము పుచ్చుకొనువాని హక్కునుబట్టి నిలుచును. సాక్చిలో మంచి యజమాని ఇచ్చిన ఎనిమిది గంటలు చట్టమైన తరువాతనే మంచి యజమాని దొరకనివానికిని దక్కినవి.

కావున కష్టకాలపు ధర్మమును కష్టకాలము వచ్చినపిమ్మట వెదకరాదు. ప్రజాధనముతో రక్షణ పొందు ప్రతి సంస్థయు, ఆ దినముననే, తన పనివారిలో కడపటివానికి, గుత్తేదారుక్రింది కూలికి సైతము, దుర్దినమున దక్కవలసిన దేమో వ్రాసియీయవలెను. తగ్గింపు తప్పనిచో అది పైమెట్టునుండి ఆరంభము కావలెను. లెక్క అందఱియెదుట పెట్టవలెను. ఇంతకు ఒప్పుకొననివారు అందఱము కలిసి భరింతమను మాటను నోట పలుకకుండుట మేలు.