బ్రేకరు ఊరికే పడిపోదు

అమెరికాలోని డల్లాస్‌లో నివసిస్తున్న ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. చలికాలం మొదలైనప్పటి నుండి వారి పడకగది బ్రేకరు వారానికి రెండు మూడుసార్లు, అదీ రాత్రిపూటే పడిపోతున్నదట. ఆ గదిలోనే ఇద్దరు పిల్లలు నిద్రిస్తారు. మరమ్మతుకు వచ్చిన వ్యక్తి, "ఈ ఆర్క్‌ఫాల్ట్ బ్రేకర్లతో ఎప్పుడూ ఇదే గొడవ. తీసేసి మామూలుది వేస్తాను" అన్నాడట. ఇంటాయన సరేనన్నారు. ఆమెకు మాత్రం మనసు ఒప్పలేదు.

తీయించవద్దని మేము వెంటనే జవాబు రాశాము. అందుకు కారణాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

మన ఇళ్ళలోని ఎం.సి.బి. రెండు సంగతులనే గమనిస్తుంది. ఒకటి, పరిమితికి మించిన కరెంటు. రెండవది, షార్ట్ సర్క్యూట్. ఆర్.సి.సి.బి. అయితే కరెంటు దారితప్పి మనిషి దేహం గుండానో మరో దారినో భూమిలోకి పోతున్నప్పుడు పసిగడుతుంది. ఈ రెండింటి కంటా పడని ప్రమాదం మరొకటి ఉన్నది. నలిగిన తీగ లోపల రాగిపోగులు తెగి, ఆ సందులో కరెంటు నిప్పురవ్వలుగా దూకుతుంది. దానినే ఆర్క్ అంటారు. అక్కడ వేడి వేల డిగ్రీలకు చేరుతుంది. చిత్రమేమిటంటే అప్పుడు కరెంటు పెరగదు. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు. 1500 వాట్ల గది హీటరు 12.5 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగ లోపల రవ్వలు లేస్తున్నా అంతకు మించదు. 15 ఆంపియర్ల మామూలు బ్రేకరుకు అందులో తప్పేమీ కనిపించదు. పక్కన పరుపు అంటుకునే దాకా అది నిశ్చింతగా ఉంటుంది.

ఆర్క్‌ఫాల్ట్ బ్రేకరులో ఒక చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. అది కరెంటు పరిమాణాన్నే కాక దాని తరంగరూపాన్ని కూడా గమనిస్తూ, రవ్వల వలన పుట్టే అలజడిని గుర్తుపట్టి సరఫరాను తెంచుతుంది. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి 1999 ప్రతిలో చేరిన నిబంధన ప్రకారం, 2002 జనవరి 1 నుండి కొత్త ఇళ్ళ పడకగదులకు ఇది అవసరమైనది. 2008 ప్రతి దీనిని హాలు, భోజనాల గది వంటి చోట్లకు విస్తరింపజేసింది. దానిమీద ఉండే 'కాంబినేషన్' అన్న మాట చాలామందిని తికమక పెడుతుంది. రెండు రకాల ఆర్క్‌లనూ పట్టగలదని మాత్రమే దాని అర్థం. మనిషికి షాక్ తగలకుండా కాపాడే పని కూడా కలిసినదానిని 'డ్యూయల్ ఫంక్షన్' అంటారు.

అయితే ఇది పొరపాటే పడదని మేము అనడం లేదు. వాక్యూమ్ క్లీనరు వంటి వాటి మోటారులో బ్రష్‌ల దగ్గర సహజంగానే రవ్వలు లేస్తాయి. పాత తరం బ్రేకర్లు వాటికి కూడా పడిపోయేవి. కనుక ముందు శోధించాలి. ఆ గదిలోని ప్లగ్గులన్నీ తీసివేసి బ్రేకరును పైకెత్తండి. అప్పటికీ పడిపోతే లోపం గోడలోని వైరింగులోనో, బ్రేకరులోనో ఉన్నది. అది ఎలక్ట్రీషియన్ పని. నిలిచి ఉంటే వస్తువులను ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. అనుమానం కలిగిన వస్తువును మరో ఆర్క్‌ఫాల్ట్ సర్క్యూట్ మీద పెట్టినా పడిపోతే దోషం ఆ వస్తువుదే కావచ్చు.

కొత్తగా బిగించిన బ్రేకరు లైటు వేయగానే పడిపోతుంటే, వైర్లు కలిపిన తీరును అనుమానించాలి. సర్క్యూట్ నుండి వచ్చే తెల్లని న్యూట్రల్ తీగ బ్రేకరుకే చేరాలి. బ్రేకరు నుండి చుట్టలా వేలాడే తెల్లని తీగ పానెల్‌లోని న్యూట్రల్ పట్టీకి వెళ్ళాలి. ఈ రెండూ తారుమారైనా, పక్క సర్క్యూట్ న్యూట్రల్ ఇందులో కలిసినా, ఏదో ఒక పెట్టెలో న్యూట్రల్ ఎర్త్ తీగను తాకినా బ్రేకరు నిలవకపోవచ్చు. ఇంట్లోవారు పానెల్ మూత విప్పి చూడటం క్షేమం కాదు. మెయిన్ ఆపినా లోపలికి వచ్చే పెద్ద తీగలలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

ఇంట్లోవారు చేయదగిన పరీక్ష ఒకటున్నది. నెలకొకసారి బ్రేకరు మీది 'టెస్ట్' మీటను నొక్కాలి. పడిపోతే సరి, పూర్తిగా కిందికి దించి మళ్ళీ ఎత్తాలి. పడకపోతే దానిని మార్పించాలి. ప్లగ్గులో గుచ్చి చూసే చేతి టెస్టరుకు స్పందించనంత మాత్రాన బ్రేకరు చెడిపోయినట్లు కాదు. తయారీదారులు టెస్ట్ మీటనే ప్రమాణంగా చెబుతారు. గడియారాలు మళ్ళీ సరిచేసుకోవలసి వస్తుందని చాలామంది ఈ పని మానేస్తారు.

ఆ బ్రేకరును ఇక్కడికి తెచ్చి పెట్టించుకోవాలని ఎవరికైనా తోస్తే, వద్దు. మన 230 వోల్టులకు, మన బోర్డులకు అది సరిపడదు. ఇలాంటి పని చేసే వేరే పరికరాలున్నాయి, వాటిని ఏ.ఎఫ్.డి.డి. అంటారు. అది లేని ఇంట్లో ఎక్స్‌టెన్షన్ తీగను తివాచీ కింద పరచకుండా, తలుపు సందులో నలగనీయకుండా చూసుకోవలసింది మనమే.

ఆ సోదరి రెండవ ఉత్తరం ఇరవై రోజులకు వచ్చింది. ప్లగ్గులు తీసి చూస్తే బ్రేకరు నిలిచిందట. హీటరును గోడ ప్లగ్గుకు నేరుగా తగిలించినా నిలిచిందట. దానికి వాడుతున్న ఎక్స్‌టెన్షన్ తీగను వెదుక్కుంటూ వెళ్తే, పిల్లల మంచం కోడు సరిగ్గా దానిమీద ఆని ఉన్నది. పై తొడుగు చితికి, ఒకచోట గోధుమరంగుకు మాడి ఉన్నది. ఆ తీగను ముక్కలుగా కోసి పారవేశామని, మంచాన్ని గోడ నుండి జానెడు ముందుకు జరిపామని రాశారు. బ్రేకరు మాత్రం పాతదే ఉన్నది.