నిప్పు పెట్టిందెవరన్న ప్రశ్న ఒక్కటే చాలదు

నల్లమలలో మంటలు లేచిన ప్రతిసారీ మన ఆలోచన ఒక్కచోటే ఆగిపోతోంది: నిప్పు పెట్టిందెవరు? పశువుల కాపరా, బీడీ కాల్చి పారేసిన బాటసారా, శ్రీశైలం కాలిబాటలో వండుకుని పొయ్యి ఆర్పకుండా వెళ్లిన యాత్రికులా? మన అడవుల్లో నిప్పు చాలావరకు మనిషి చేతినుంచే పుడుతుంది, నిజమే. కానీ చలికాలపు ఉదయం పడిన నిప్పురవ్వ నాలుగు ఆకుల్ని కాల్చి ఆరిపోతుంది. అదే రవ్వ ఏప్రిల్ మధ్యాహ్నం పడితే గుట్టంతా తగలబడుతుంది. ఈ తేడా తెచ్చేది గాలి, అందులోని తేమ. వాటి మీదే మనకు నిఘా కొరవడింది.

నల్లమల ఆకురాల్చే అడవి. వేసవి ముదిరేసరికి టేకు, నల్లమద్ది ఆకులు నేలంతా పరుచుకుంటాయి. వాటి మధ్య ఎండుగడ్డి. లావుపాటి దుంగ ఆరడానికి వారాలు పడుతుంది. రాలిన ఆకుకు, గడ్డిపోచకు గంటా రెండు గంటలు చాలు. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, కొత్తగా తడి చేరకుండా మధ్యాహ్నానికి 41 డిగ్రీలకు వేడెక్కితే ఆ తేమ 25 శాతానికి పడిపోతుంది. పొద్దున అంటుకోని ఆకే అప్పుడు భగ్గుమంటుంది. దానికి వడగాలి తోడైతే ఇక చెప్పేదేముంది? గాలి మంటకు ప్రాణవాయువును అందించి ఊరుకోదు. మంటను ముందుకు వంచి, ఎదురుగా ఉన్న గడ్డిని అంటుకోకముందే ఆరబెడుతుంది. రవ్వల్ని ఎగరేసి, మంట పాకకుండా చెత్త తొలగించి ఉంచిన ఫైర్ లైన్లు దాటిస్తుంది. పగటిపూట లోయలోంచి గుట్ట పైకి వీచే గాలితో మంట ఎగబాకుతుంటే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం మనుషుల వల్ల కాదు.

2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనా పట్టణంలోనూ గాలి చేసింది ఇదే. వందల మైళ్ల దూరంలో, దక్షిణాన డోరా తుపాను సాగిపోతోంది. ఉత్తరాన అధిక పీడనం. ఈ రెండింటి నడుమ పొడిగాలులు కొండ దిగి విరుచుకుపడ్డాయి. ఒకప్పటి చెరకు తోటలు బీళ్లుగా మారి ఎండుగడ్డితో నిండి ఉన్నాయి. తెగిన కరెంటు తీగల వల్ల ఉదయం రేగిన మంటను ఆర్పేశామనుకుని సిబ్బంది వెళ్లిపోయారు. మధ్యాహ్నం గాలి దాన్ని మళ్లీ రాజేసింది. వందమందికి పైగా చనిపోయారు.

మనకు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ హెచ్చరికలు పంపుతోంది. అవి ఉపయోగకరమే, కాదనలేం. కానీ ఉపగ్రహం చూసేది అప్పటికే రేగిన మంటను. సిబ్బంది అక్కడికి చేరేలోగా గాలి తన పని తాను చేసుకుపోతుంది. వేసవి వార్తల్లో ఎక్కడ ఎన్ని డిగ్రీలో రోజూ చెబుతున్నాం. అడవి అంచు గ్రామాలకు తేమ శాతం, గాలి వేగం కూడా ముందురోజే చేరాలి. ప్రమాదమని తేలిన రోజున యాత్రికుల దారిలో పొయ్యిలు, పొలాల్లో చెత్త తగలబెట్టడం ఆపించాలి. కాపలాదారులు మధ్యాహ్నానికి ముందే గుట్టల మీద ఉండాలి. ఆర్పిన చోట కనీసం మర్నాటి సాయంత్రం దాకా మనిషి కాపు ఉండాలి.

ఆ మనిషి ఎవరన్నదీ ముఖ్యమే. ఏ లోయలో గాలి ఏ వేళకు మళ్లుతుందో నల్లమల ఆదివాసులైన చెంచులకు తెలుసు. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో వాళ్లు ఇప్పటికే పనిచేస్తున్నారు. మంట లేచాక కబురుపెట్టి పిలిచే కూలీలుగా కాకుండా, ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా నెలజీతం మీద వాళ్లను నియమించి, ప్రణాళిక వేసేటప్పుడే వాళ్ల మాట వినాలి.