చంపనొల్లని తుపాకివీరుడు

ఇందుకూరుపేటలో మా యింటి అరుగుమీద కూర్చుండి, చేతిఫోనులో నేదో జపాను బొమ్మల కథను ఱెప్పవేయక చూచుచున్న మనుమని, ఎల్లప్పుడు నీ తుపాకుల గోలయేమి నాయనా యని మందలింపబోయిన నేను, వాని ప్రక్కనే కూర్చుండి, కొన్ని సాయంకాలములలో 26 భాగములను తుదివఱకు చూచితిని. ఆ కథ పేరు ‘ట్రైగన్’. యసుహిరో నైటో అను చిత్రకథకుడు 1995లో దానిని మాంగాగా నారంభించి, ప్రచురించుచున్న పత్రిక నడుమనే ఆగిపోయినను విడువక, వేఱొక పత్రికలో ‘ట్రైగన్ మాక్సిమమ్’ అను పేరుతో 2007 వఱకు సాగించెను. 1998లో మ్యాడ్‌హౌస్ సంస్థ దానికి చలనరూప మొసంగెను.

రెండు సూర్యులు మండు మరుగ్రహము. అంతరిక్షనౌకలు కూలి యచట చిక్కుపడిన మానవులు. గాజుగోళములలో బంధింపబడిన ‘ప్లాంట్’లను జీవులు ప్రసాదించు శక్తి యున్నంతవఱకే యూళ్లకు ఊపిరి. తీరపుబావులలో ఉప్పు తలయెత్తుట ఎఱిగిన మావంటివారికి ఆ మరుభూమి దప్పిక పరాయిది గాదు. అట్టి లోకమున, తలపై 6,000 కోట్ల డబుల్ డాలర్ల వెల కట్టబడిన వాష్ అనువాడు, గుఱి తప్పని చేయి కలిగియు, ఒక్కరినైనను చంపనని వ్రతము పట్టి తిరుగుచుండును.

తెలుగువారికి గుఱ్ఱము, ఎడారి, తుపాకియే గాక విజ్ఞానకల్పనయు క్రొత్తవి గావు. 1971లో ఆరుద్ర రచనతో, కె.యస్.ఆర్. దాస్ దర్శకత్వమున కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ రాజస్థానపు ఇసుకలో మన కౌబాయిని నడిపించినది. మా జిల్లా ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’తో కాలయంత్రమును మనయింటికి తెచ్చెను. రెండును నాకు ప్రియములే. అయినను కౌబాయి కథలలో సాధారణముగా దుష్టునికి గుండు తగులుటతో లెక్క తీరిపోవును. ట్రైగన్‌లో ఆ లెక్క అచటనే మొదలగును. వాష్ ఎఱ్ఱకోటు విప్పిన నాడు కనబడు దేహమంతయు గాయపు మచ్చలే, ఎడమచేయి కృత్రిమమే. ఇతరులను చంపకుండుటకు చెల్లించిన మూల్యము ఆ చర్మముపై లిఖింపబడియున్నది.

దుష్టుని విడిచిపెట్టినచో రేపు వాడు వేఱొకని ప్రాణము తీయడా యని సహచరుడైన వుల్ఫ్‌వుడ్ వాదించును. ఆ వాదము తేలికయైనది గాదు. రచయితయు దానిని తేలికగా త్రోసిపుచ్చలేదు. కడకు, తన వెంట తిరిగిన ఇద్దరు బీమా ఉద్యోగినుల ప్రాణములను కాపాడుటకై లెగాటో అను క్రూరుని వాష్ కాల్చి చంపవలసి వచ్చును. అచట జయధ్వానములు లేవు. ఒక మనుష్యుని అంతరంగము కుప్పకూలుట మాత్రమే యున్నది. హత్యను ఇంత బరువుగా చూపిన తుపాకికథను నేను వేఱొకదాని నెఱుగను. పిల్లలచేతి ఫోనును లాగికొను తల్లిదండ్రులు ఈ యొక్కదానినైనను వారితో కూర్చుండి చూడవలెననియు, మన ప్రచురణకర్త లెవరైన ఈ మాంగాను మంచి తెలుగులో వెలువరింపవలెననియు నా దృఢాభిప్రాయము.

లెగాటో చచ్చిన ఆ భాగము ముగిసినపుడు మనుమడు, “తాతయ్యా, వాష్ చేసింది తప్పా?” అని యడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ రాత్రి భోజనముకడను మేము దానినే మాటాడుకొంటిమి.