ఒకే పని, ఒకే పనిగంటలు

బేర్ సరాయ్ సందులలో తెల్లవారకముందే చీపురు చప్పుడు వినిపిస్తుంది. పోటీ పరీక్షలకు చదువుకొనే మన తెలుగు విద్యార్థులెందరో ఈ ఢిల్లీ పేటలో నివసించారు. వారు నిద్ర లేచేసరికి వీధి ఊడ్చిన ఆ కార్మికుని పని ఏ గంటకు ముగియవలెను? అదనపు పనికి ప్రతిఫలమెంత? స్థానిక సంస్థల ఉద్యోగులకు ఈ ప్రశ్నలపై దేశమంతటికీ ఒకే నియమము లేదు.

ఢిల్లీలోనే నగరపాలక సంస్థ, న్యూఢిల్లీ పురపాలక మండలి, కంటోన్మెంట్ బోర్డు వేర్వేరు యజమానులు. 2012లో నగరపాలక సంస్థను మూడుగా చీల్చి, 2022 మే నెలలో తిరిగి ఒకటి చేశారు. పాలకులు గీతలు మార్చినంత మాత్రాన ఊడ్చవలసిన వీధి పొడవు తగ్గునా?

"పారిశుధ్యము అత్యవసర సేవ, దానిని గడియారముతో కొలువరాదు" అనే వాదన ఉన్నది. రైళ్లు రాత్రింబవళ్లు నడుచుట లేదా? అయినా రైల్వేలో రోస్టరు కలదు. సేవ ఎంత అత్యవసరమో, దానిని చేసే మనిషికి విశ్రాంతి అంత అవసరము.

ఈ రోస్టరు దయతో లభించినది కాదు. 1974 మే 8న ఆరంభమై ఇరవై రోజులు సాగిన మహా సమ్మెలో ఎనిమిది గంటల పని ఒక ప్రధాన కోరిక. అయినను మన నియమములు నిర్దోషములని మేము చెప్పుట లేదు. 1989 రైల్వే చట్టము ఇంటెన్సివ్ పనికి వారానికి సగటున 45 గంటలు, కంటిన్యువస్ పనికి 54 గంటలు పరిమితి విధించి, ఇంటర్మిటెంట్ అనే పేరుతో 75 గంటల వరకు అనుమతించినది. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవకులు నేటికీ పూర్తికాల ఉద్యోగులుగా గుర్తింపు పొందలేదు. వర్గీకరణ అనే ఈ ఉచ్చు పురపాలక కార్మికుని మెడకు పడరాదు.

స్థానిక పాలన రాష్ట్రాల విషయమని కేంద్రము తప్పుకొనజాలదు. పని పరిస్థితులు రాజ్యాంగములోని ఉమ్మడి జాబితాలో ఉన్నవి. 1948 నాటి కనీస వేతనాల చట్టమే స్థానిక సంస్థల ఉద్యోగమును తన షెడ్యూలులో చేర్చి, పనిగంటలు నిర్ణయించే అధికారమును ప్రభుత్వాలకు ఇచ్చినది. కొరవడినది చట్టము కాదు, సంకల్పము.

కావున మేము కోరునది ఇది: పర్మనెంటు, కాంట్రాక్టు భేదము లేక రోజుకు ఎనిమిది గంటల పని, వారాంతపు సెలవు, అదనపు గంటకు రెట్టింపు వేతనము, ప్రతి హాజరు కేంద్రములో అందరికీ కనబడునట్లు రోస్టరు.

సోదరులారా! మీ యూనియన్ సమావేశములలో ఈ కోరికను తీర్మానముగా ఆమోదించండి. పొరుగువానికి లేని హక్కు మనకును ఎంతోకాలము నిలువదు.